రాయి, కాగితం, ఇంటిపేరు: వలస పూర్వీకుల జాడ తీయడంలో మొరేవియన్ జీవితవృత్తాలు, బందరు సమాధులు

ప్రస్తావన

సముద్రం దాటి వచ్చి స్థిరపడిన పూర్వీకుని జీవితాన్ని తిరిగి నిర్మించదలచిన వారు సాధారణంగా రెండు చోట్ల వెతుకుతారు. ఒకటి శ్మశానం, రెండవది దస్తావేజుల గది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ మాట్లాడుతుందన్నది ఆ పూర్వీకుడు ఏ సమాజానికి చెందినవాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 18వ శతాబ్దంలో ఉత్తర అమెరికాకు వలస వెళ్లిన మొరేవియన్ క్రైస్తవుని సమాధి రాయి దాదాపు మూగది. అతని కాగితాలు మాత్రం వాచాలమైనవి. 17వ శతాబ్దంలో బందరులో కన్నుమూసిన డచ్చి వర్తకుని రాయి అలంకారాలతో, బిరుదులతో మాట్లాడుతుంది. అతని కాగితాలు వేల మైళ్ల దూరంలో ఉన్నాయి. వారిద్దరి కాలంలోనే గుడివాడ, ముదినేపల్లి, దివిసీమ ప్రాంతాలలో బతికిన తెలుగువారిలో అత్యధికులకు రాయీ లేదు, కాగితమూ లేదు. వారికి మిగిలింది ఇంటిపేరు.

ఈ మూడు రకాల జాడలను పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం లక్ష్యం. ఒక మనిషి జీవితం తరువాతి తరాలకు దొరకడమూ దొరకకపోవడమూ ఆ మనిషి ఘనతను బట్టి కాక, అతని చుట్టూ ఉన్నవారు ఎందుకోసం రాసేవారన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. ఈ సూత్రాన్ని దిగువ కృష్ణా డెల్టాకు అన్వయించినప్పుడు, వలస పూర్వీకుల కుటుంబచరిత్రలలో క్రమంగా మాయమయ్యేది ఎవరో కూడా స్పష్టమవుతుంది.

మొరేవియన్ల రాత అలవాటు

మొరేవియా నేటి చెక్ దేశంలో ఒక ప్రాంతం. 1415లో దహనశిక్షకు గురైన యాన్ హుస్ బోధనల వారసులుగా 1457లో ఏర్పడిన సోదర సమాజానికి వీరు వారసులు. మతహింస వల్ల చెదిరిపోయిన ఈ సమాజంవారు కొందరు 1722లో జర్మనీలోని శాక్సనీకి వలస వచ్చి, జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూమిలో హెర్న్‌హుట్ అనే ఊరు కట్టుకొన్నారు. 1732లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవికి, 1735లో జార్జియాకు, 1741 నాటికి పెన్సిల్వేనియాకు వీరు చేరుకొన్నారు. పెన్సిల్వేనియాలో వీరు కట్టిన ఊరు బెత్లెహేమ్. ఉత్తర కరొలైనాలో 1766లో మొదలైనది సేలం.

ఈ సమాజంలో ప్రతి సభ్యుడూ తన జీవితవృత్తాన్ని తానే రాసుకోవడమో, మరొకరికి చెప్పి రాయించుకోవడమో చేయాలి. జర్మన్ భాషలో దీన్ని ‘లేబెన్స్‌లౌఫ్’ అంటారు. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బాల్యం, దైవభక్తి మేల్కొన్న సందర్భం, సమాజంలో చేరిక, పెళ్లి, చేసిన పని, ప్రయాణాలు వరుసగా వస్తాయి. చివరి జబ్బును, మరణాన్ని తోటివారు జోడించి పూర్తి చేస్తారు. అంత్యక్రియలనాడు దాన్ని సమాజం ముందు చదివి, ఆపైన భద్రపరుస్తారు. చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, చాకలి పని చేసిన వితంతువు, పసిపిల్లలకు పాఠం చెప్పిన కన్య, అందరికీ ఈ నియమం వర్తించింది. ప్రతి ఊరిలో దినచర్య పుస్తకం కూడా నడిచేది. అందువల్ల ఆ వలసదారుల సంతతివారు నేడు వెతికితే పేరు, తేదీలతో పాటు పూర్వీకుని గొంతు కూడా వినిపిస్తుంది.

వీరి శ్మశానాన్ని ‘దేవుని పొలం’ అంటారు. అక్కడి రాళ్లన్నీ నేలకు సమంగా, ఒకే కొలతలో పరచి ఉంటాయి. భార్యాభర్తలను పక్కపక్కన పూడ్చరు. అవివాహిత పురుషులు, వివాహిత స్త్రీలు, వితంతువులు, పిల్లలు అనే వర్గాల వారీగా, మరణించిన వరుసలో పూడుస్తారు. కనుక సమాధి వరుసను చూసి కుటుంబాన్ని పోల్చుకోవడం సాధ్యం కాదు. రాతిమీద అందరూ సమానులు కావాలన్నది వారి విశ్వాసం. ఆ విశ్వాసం వల్ల రాయి చెప్పలేకపోయినదంతా కాగితం చెబుతుంది.

ఈ కాగితాలకూ పరిమితి ఉంది. జీవితవృత్తం ఆత్మ ప్రయాణాన్ని చెప్పడానికి రాసినది. ఆ ఊరు నిలిచిన నేల ముందు ఎవరిది, పొలంలో పని చేసినది ఎవరు అన్న ప్రశ్నలకు అందులో చోటు తక్కువ. సెయింట్ థామస్‌లోనూ సేలంలోనూ మొరేవియన్ సమాజాలు బానిసలను కలిగి ఉన్నాయి. బెత్లెహేమ్ పాత శ్మశానంలో యూరపువారు, ఆఫ్రికా మూలాలవారు, అమెరికా ఆదిమవాసులు ఒకే నేలలో ఉన్నారు. సేలంలో మాత్రం 1816లో నల్లజాతివారికి వేరే శ్మశానం కేటాయించారు. అయినా రాసే అలవాటు ఎంత బలమైనదంటే, బానిసగా బతుకు ప్రారంభించిన స్త్రీ జీవితాన్ని కూడా అది దాచి ఉంచింది. ఆంటిగ్వాలో పుట్టి, సెయింట్ థామస్‌లో స్వేచ్ఛ పొంది, మొరేవియన్ బోధకురాలై, జర్మనీలో కొన్నేళ్లుండి, 1780లో ఆఫ్రికా గోల్డ్ కోస్టులో మరణించిన రెబెక్కా ప్రొట్టెన్ చరిత్రను జాన్ సెన్స్‌బాక్ 2005లో ఒక గ్రంథంగా ప్రచురించగలిగాడంటే, ఆధారం ఆ సమాజపు కాగితాలే.

హాలే నుండి తరంగంబాడికి

మొరేవియన్ల ప్రస్తావన తెలుగు పరిశోధనకు దూరమైనది కాదు. తెలుగు ముద్రణ చరిత్ర చదివినవారికి బెంజమిన్ షుల్జ్ పరిచితుడు. 1719లో తరంగంబాడికి వచ్చి, 1726 నుండి 1743 వరకు మద్రాసులో ఉండి, తెలుగు వ్యాకరణం రాసి, జర్మనీ తిరిగి వెళ్లాక హాలే నగరంలో 1740ల నడుమ తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన వాడతడు. ఆ హాలేలోనే ఫ్రాంకె నడిపిన విద్యాలయంలో జిన్‌జెన్‌డార్ఫ్ బాలుడుగా చదువుకొన్నాడు. తరంగంబాడి నుండి వచ్చిన జీగెన్‌బాల్గ్‌ను అక్కడే చూశాడు. దూరదేశాలకు మనుషులను పంపాలన్న ఆలోచనకు ఆ పరిచయాలు బీజం వేశాయి.

1760లో షుల్జ్ హాలేలో మరణించాడు. జిన్‌జెన్‌డార్ఫ్ కూడా ఆ ఏడే మరణించాడు. మొరేవియన్ల తొలి బృందం తరంగంబాడిలో దిగినదీ ఆ ఏడే. ఊరి వెలుపల వారు ఏర్పరచుకొన్న నివాసానికి ‘సోదరుల తోట’ అని పేరు. చేతివృత్తులతో, తోటపనితో తమ పొట్ట తామే పోసుకొన్నారు. అక్కడి నుండి 1768లో నికోబార్ దీవులకు వెళ్లారు. జ్వరాలకు చాలామంది బలి కాగా, 1787లో దీవులను వదిలారు. తరంగంబాడి తోట 1803 వరకు నిలిచింది. నికోబార్‌లో బతికి బయటపడిన హెన్సెల్ రాసిన లేఖలు 1812లో లండన్‌లో అచ్చయ్యాయి. అనుచరులను పెద్దగా సంపాదించలేక, స్థావరమూ నిలుపుకోలేక ఓడిపోయిన ప్రయత్నమిది. అయినా కోరమాండల్ తీరంలో ఓడిపోయి చనిపోయిన ఈ చేతివృత్తులవారి గురించి తెలిసినంతగా, అదే తీరంలో వారికి బియ్యం అమ్మినవారి గురించి, తోటలో కూలి చేసినవారి గురించి తెలియదు. ఈ అసమానతే బందరులో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

బందరు రాళ్లు

డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ బందరుకు వచ్చినది 1605లో. మరుసటి ఏడు గోల్కొండ సుల్తాను నుండి వర్తకపు హక్కులు పొందింది. 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. ఈ మూడు జాతులను బందరు పట్టణం తన పేటల పేర్లలో దాచుకొంది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట నేటికీ వాడుకలో ఉన్న పేర్లు. హాలండువాడు తెలుగు నోట ‘వలందా’ అయ్యాడు, ఫ్రెంచివాడు ‘పరాసు’ అయ్యాడు. అయితే ఈ పేర్లు జాతులను గుర్తుంచుకొన్నాయి గాని మనుషులను గుర్తుంచుకోలేదు.

మనుషుల పేర్లు ఉన్నది బందరు కోట సమీపంలోని డచ్చి సమాధుల తోటలో. పెద్ద రాతి పలకలపై ఉబ్బెత్తు అక్షరాలలో డచ్చి భాషా లేఖనాలు, వాటి పైన కుటుంబ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. మరణించిన వాని పేరు, అతడు కంపెనీలో చేసిన ఉద్యోగపు హోదా, జననమరణాల తేదీలు సాధారణంగా కనిపించే అంశాలు. దేవుని పొలంలోని సమానత్వానికి ఇది పూర్తిగా ఎదురు దిశ. ఇక్కడ రాయి ఉన్నదే హోదాను చెప్పడానికి. సామాన్య సిపాయికి, ఓడ కళాసికి అంత రాయి దక్కేది కాదు.

ఈ రాళ్లను చదివిన వారి పరంపర కూడా పాతదే. 17వ శతాబ్దం చివరి దశకాలలో కోరమాండల్ తీరంలో కంపెనీ ఉద్యోగం చేసిన డేనియల్ హావర్ట్, 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించిన గ్రంథంలో ఈ తీరపు డచ్చి స్థావరాల చరిత్రతో పాటు సమాధి లేఖనాలను కూడా ఎత్తి రాశాడు. రెండు శతాబ్దాల తరువాత పురావస్తు శాఖ పక్షాన అలెగ్జాండర్ రీ 1897లో మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాలపై సచిత్ర గ్రంథం వెలువరించాడు. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ రాజధాని అంతటి సమాధి లేఖనాల పట్టికను ప్రకటించాడు. బందరు డచ్చి పూర్వీకుని వెతికేవారు ఈ మూడింటినీ పోల్చి చదవడం తప్పనిసరి. 1693లో హావర్ట్ చదివిన రాయి 1897కు అరిగిపోయి ఉండవచ్చు, పగిలి ఉండవచ్చు.

రాయి దాటాక వచ్చేది కాగితం. కంపెనీ దస్తావేజులు హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ప్రపంచంలో ఇతరచోట్ల ఉన్న ఆ కంపెనీ దస్తావేజులతో కలిపి వీటిని 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వీటిలో ముఖ్యమైనవి ఓడల జీతపు ఖాతాలు. 18వ శతాబ్దానికి చెందినవి విస్తారంగా మిగిలాయి. ఉద్యోగి పేరు, సొంత ఊరు, ఎక్కిన ఓడ, జీతం, అప్పు, కొలువు ముగిసిన తీరు వాటిలో ఉంటాయి. ఉద్యోగి తన జీతంలో కొంత భాగం స్వదేశంలోని భార్యకో తల్లికో ప్రతి ఏడూ అందేలా ఏర్పాటు చేసుకోవచ్చు. అలా చేసినప్పుడు ఆ స్త్రీ పేరు ఖాతాలో నమోదవుతుంది. హాలండులో ఉన్న తల్లి పేరు బందరులో చనిపోయిన కొడుకు ఖాతాలో దొరకడానికి కారణం ఆమెకు కంపెనీ డబ్బు చెల్లించవలసి రావడం.

బందరులోనే అతనితో కాపురం చేసి, అతని బిడ్డలను కన్న స్త్రీ విషయం వేరు. ఆమెకు కంపెనీ ఏమీ చెల్లించవలసిన పని లేదు. కనుక ఆమెను రాయవలసిన అవసరమూ రాలేదు. బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినప్పుడు తల్లి పేరు రాస్తే మరియా అనో కాతరీనా అనో క్రైస్తవ నామం మాత్రమే ఉంటుంది. ఆమె పుట్టింటి పేరు, ఊరు, కులం, మాతృభాష ఆ ఒక్క పేరు వెనుక కనుమరుగవుతాయి. ఇంగ్లీషు కంపెనీ రిజిస్టర్ల తీరూ ఇదే. 1687లో కంపెనీ డైరెక్టర్లు మద్రాసు సిపాయిలు స్థానిక స్త్రీలను పెళ్లాడడాన్ని ప్రోత్సహిస్తూ, జ్ఞానస్నానం పొందిన బిడ్డకు చిన్న మొత్తం బహుమానం ఇవ్వాలని ఆదేశించారు. నూరేళ్లు తిరిగాక 1791లో అదే కంపెనీ ఆ సంతతిని తన ఉద్యోగాల నుండి బయట పెట్టింది. కుటుంబాలు తెలుగు అమ్మమ్మ పేరును చెప్పకుండా దాచుకోవడానికి ఈ రెండవ నిర్ణయం బలమైన కారణమైంది. ఆమె పేరును రిజిస్టరు మొదట వదిలేసింది, కుటుంబం తరువాత వదిలేసింది.

నొబుల్: సోదరులు రాసిన జీవితాలు

19వ శతాబ్దంలో బందరు వలసదారుల స్వభావం మారింది. 1824 ఒప్పందం ప్రకారం డచ్చి స్థావరాలు మరుసటి ఏడు ఇంగ్లీషువారి వశమయ్యాయి. చర్చి మిషనరీ సొసైటీ పక్షాన 1841లో రాబర్ట్ టర్లింగ్‌టన్ నొబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ వచ్చారు. 1843 నవంబరులో నొబుల్ పాఠశాల తెరిచాడు. అదే నేటి నొబుల్ కళాశాలకు మూలం. ఆరోగ్యం చెడి స్వదేశం చేరిన ఫాక్స్ 1848లో మరణించాడు. నొబుల్ వచ్చిన నాటి నుండి ఇంగ్లండుకు తిరిగి వెళ్లలేదు. పెళ్లి చేసుకోలేదు. 1865 అక్టోబరులో బందరులోనే కన్నుమూశాడు.

వీరిద్దరి జీవితచరిత్రలనూ వారి సోదరులే వెలువరించారు. ఫాక్స్ చరిత్ర 1850లో, నొబుల్ చరిత్ర 1867లో లండన్‌లో అచ్చయ్యాయి. రెండూ లేఖల ఆధారంగా సాగాయి. రెండింటి లక్ష్యమూ చదువరిని భక్తికి, మిషన్ సేవకు ప్రేరేపించడం. అంత్యక్రియలలో చదివే మొరేవియన్ జీవితవృత్తానికి ఇవి అచ్చులోకి వచ్చిన దూరపు బంధువులు. సంతానం లేని నొబుల్ గురించి అంత సమాచారం దొరుకుతున్నదంటే, జాడ నిలవడానికి రక్తసంబంధం కన్నా రాసే సమాజం ముఖ్యమని రుజువవుతున్నది.

అదే చరిత్రలో మరో ఇద్దరున్నారు. 1852లో పాఠశాల విద్యార్థులు మంచాల రత్నం, అయినాల భూషణం క్రైస్తవం స్వీకరించారు. పట్టణం కలత చెందింది. పాఠశాల దాదాపు ఖాళీ అయింది. తరువాత వారిద్దరూ గురువులుగా అభిషిక్తులయ్యారు. ఈ ఘటనను మిషన్ గ్రంథాలు విస్తారంగా చెప్పాయి. అయితే అవి చెప్పేది విశ్వాసం మారిన క్షణాన్ని. ఆ యువకుల తల్లులు ఆ రాత్రి ఏమన్నారు, ఇంటి గడప ఎలా మూసుకొంది, తరువాత ఎన్నాళ్లకు తెరుచుకొంది అన్నవి ఆ కథనానికి అవసరం లేని విషయాలు. ఇప్పుడు వారి సంతతివారు వంశచరిత్ర రాసుకొంటే, క్రైస్తవం స్వీకరించిన నాటితోనే అది మొదలవుతుంది. మొరేవియన్ వలసదారునికి ఓడ ఎక్కిన రోజు ఎలాంటిదో, తెలుగు క్రైస్తవ కుటుంబానికి జ్ఞానస్నానం నాటి రోజు అలాంటిది. అయితే ఒక తేడా ఉంది. మొరేవియన్ వృత్తం ఓడకు ముందు బాల్యాన్ని కూడా రాయించింది.

ఇక్కడ ప్రకృతి కూడా దస్తావేజుల శత్రువే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, పరిసర గ్రామాలలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఆ విధ్వంసాన్ని వివరంగా నమోదు చేసింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఇళ్లకు ఇళ్లనే తుడిచిపెట్టింది. మనుషులే మిగలని చోట ట్రంకుపెట్టెలలోని పత్రాలు మిగిలే ప్రసక్తి లేదు. హేగ్‌లోనో లండన్‌లోనో నకలు ఉన్నవారి పేర్లు నిలిచాయి. నకలు లేనివారివి ఉప్పునీటిలో కలిశాయి.

నేరస్థురాలిగా దొరికిన పూర్వీకురాలు

కోరమాండల్ తీరపు స్త్రీ ఒకరు వలస కాగితాలలో పూర్తి మనిషిగా దొరికిన సందర్భం ఉంది. ఆమె పేరు ఆ కాగితాలలో కాతరీనా వాన్ పాలియాకట్టె, అంటే పులికాట్‌కు చెందిన కాతరీనా. డచ్చివారి బానిసగా బటావియా చేరిన ఆమెపై 1656లో హత్యానేరం మోపారు. మరణశిక్ష పడవలసి ఉండగా, దాన్ని ప్రవాసశిక్షగా మార్చి 1657లో దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పంపారు. అక్కడ ఆమె స్థావరాధిపతి ఇంట చాకలి పని చేసింది. ఒక జర్మన్ సిపాయి వల్ల కొడుకును కన్నది. 1671లో బెంగాల్ నుండి వచ్చిన మరొక మాజీ బానిసను పెళ్లి చేసుకొంది. ఆమె కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్ శరణార్థి కుటుంబపు కుమార్తెను వివాహమాడాడు. దక్షిణాఫ్రికాలోని స్నైమన్ కుటుంబాల వంశవృక్షానికి మూలపురుషుడు అతడే.

తెల్లజాతి ఆధిపత్యం సాగిన ఆ దేశంలో మూల స్త్రీ కోరమాండల్ బానిస అని కుటుంబ పరిశోధకులు తేల్చగలిగారంటే, అది న్యాయస్థానపు కాగితం పుణ్యం. ఆమె గురించి ఎవరూ జీవితవృత్తం రాయలేదు. నేరం మోపారు కనుక విచారించారు, విచారించారు కనుక రాశారు. బందరులో ఏ నేరమూ చేయకుండా, ఏ ఆస్తీ లేకుండా, డచ్చి గుమాస్తా ఇంట బతికి బిడ్డల్ని పెంచిన స్త్రీకి ఆ అవకాశం కూడా రాలేదు. నేరమో, అమ్మకమో, దావాయో జరిగితే తప్ప మన తీరపు స్త్రీ ఆ దస్తావేజుల కంటపడలేదు.

కాతరీనా పేరులోని ‘వాన్’ను గమనించాలి. బానిసలకు ఇంటిపేరు లేదనుకొని వారు వచ్చిన తావును తగిలించారు. తావుతో మనిషిని గుర్తించే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు.

ఇంటిపేరు, వంశవర్ణన

దిగువ కృష్ణా డెల్టాలో చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే. ఒక కుటుంబం ఊరు వదిలిన తరువాతనే ఆ ఊరు ఇంటిపేరుగా అతుక్కొంటుంది. ఉన్న ఊళ్లో ఆ పేరుతో పిలిపించుకోవలసిన పని ఉండదు. అందువల్ల ఇంటిపేరు ఒక వలస దస్తావేజు. గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో పుట్టాడు. ఆయన ఇంటిపేరు దివిసీమ అంచున ఉన్న ఘంటసాలను గుర్తు చేస్తుంది. ముదినేపల్లి కూడా ఊరిపేరుగా ఉంటూనే ఇంటిపేరయింది. బందరు, పాలకొల్లు డచ్చి స్థావరాల మధ్య విస్తరించిన ఈ నేలపై వలసలు విదేశీయులతో మొదలు కాలేదని ఇంటిపేర్లే సాక్ష్యం.

తెలుగు సాహిత్యంలో జీవితవృత్తానికి దగ్గరగా వచ్చే భాగాలు కావ్యావతారికలోని వంశవర్ణన, ఆశ్వాసాంత గద్య. గద్య కవి తండ్రిని పేర్కొంటుంది. అవతారిక కృతిభర్త వంశాన్ని, తల్లులను, భార్యలను పేరుపేరునా వర్ణిస్తుంది. అయితే ఇది రాజులకు, దండనాథులకు, సంపన్న వర్తకులకు దక్కిన గౌరవం. సామాన్యుడు తన బతుకును తాను వచనంలో చెప్పుకోవడం చాలా ఆలస్యంగా మొదలైంది. 1839లో మరణించిన వెన్నెలకంటి సుబ్బారావు రాసుకొన్న స్వీయచరిత్ర 1873లో అచ్చయింది. అది ఇంగ్లీషులో ఉంది. వీరేశలింగం స్వీయచరిత్రము దాకా తెలుగులో ఈ ప్రక్రియ స్థిరపడలేదు.

ఇంటిపేరును ఎంత మెచ్చుకొన్నా దాని లోపాన్ని దాచకూడదు. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారుతుంది. డచ్చి రిజిస్టరు తెలుగు తల్లిని వదిలేసినట్టే, తెలుగు వంశవృక్షమూ తల్లిని వదిలేస్తుంది. విదేశీయుని తప్పు పట్టి మన అలవాటును విడిచిపెట్టడం పరిశోధన కాదు. అయితే మన సంప్రదాయంలోనే దీనికి విరుగుడు కూడా కొంత ఉంది. తద్దినాలలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు, మాతామహుల పేర్లు కూడా చెబుతారు. కర్మకాండ కొనసాగినంత కాలం ఆ పేర్లు నోటనే మూడు తరాలు బతుకుతాయి.

ఇంకా వెనక్కి వెళితే, ఇదే డెల్టాలో స్త్రీల పేర్లు రాతికెక్కిన కాలం ఉంది. అమరావతి స్తూపపు దానశాసనాలలో తల్లులు, భార్యలు, కూతుళ్లు, భిక్షుణులు పేర్లతో కనిపిస్తారు. ఘంటసాల ప్రాకృత శాసనాలలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. టాలెమీ పేర్కొన్న కొంటకోస్సిల ఈ ఘంటసాలే. ఇచ్చిన దానానికి పుణ్యం పేరున్నవారికే చేరుతుందన్న నమ్మకం ఆ పేర్లను రాయించింది. రాయడానికి కారణం ఉన్నప్పుడు సామాన్య స్త్రీ పేరు కూడా పదిహేడు వందల ఏళ్లు నిలుస్తుందనడానికి ఇవి తార్కాణం.

ముగింపు

ఈ పరిశీలన నుండి పద్ధతికి సంబంధించిన మూడు నిర్ణయాలకు రావచ్చు.

మొదటిది: ఏ జీవితపు జాడ తీసేటప్పుడైనా ఆధారం ఎందుకోసం పుట్టిందో ముందు అడగాలి. మొరేవియన్ వృత్తం ఆత్మకోసం, బందరు రాయి హోదాకోసం, జీతపు ఖాతా చెల్లింపుకోసం, రిజిస్టరు మతంకోసం, న్యాయస్థానపు పత్రం శిక్షకోసం పుట్టాయి. ప్రతి ఆధారంలోని మౌనం దాని పుట్టుకలోనే ఉంది. ఆ మౌనాన్ని మనిషి లేకపోవడంగా చదవడం పొరపాటు.

రెండవది: డెల్టాలోని వలస పూర్వీకుల చరిత్ర ఇంతవరకు సమాధి నుండి హేగ్‌కో లండన్‌కో వెళ్లే దారిలోనే సాగింది. దానికి ఎదురు దారి కూడా పట్టాలి. పేటల పేర్లు, మెకంజీ కోసం కావలి సోదరుల వంటివారు సేకరించిన కైఫియత్తులు, కరణాల లెక్కలు, చర్చిలలో మిగిలిన తెలుగు రికార్డులు, ఇళ్లలోని భాగపంపకాల దస్తావేజులు, శుభలేఖలు, తద్దినాలలో చెప్పే పేర్లు ఇందుకు ఆధారాలు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయ్యాక వారి ఇళ్లలో మిగిలిన లెక్కపుస్తకాలు ఏటా తగ్గిపోతున్నాయి. వీటిని చదవడానికి గొలుసుకట్టు రాత చదవగల తెలుగు పరిశోధకులు కావాలి. ఈ పని విదేశీ అభిలేఖాగారాలు చేయలేవు. అది తెలుగు శాఖల బాధ్యత.

మూడవది: మొరేవియన్ల నుండి తీసుకోదగినది వారి మతం కన్నా వారి నియమం. చెప్పులు కుట్టేవాని బతుకు కూడా రాయదగినదేనని ఒక సమాజం తీర్మానించుకొంటే, మూడు వందల ఏళ్ల తరువాత అతని మునిమనుమరాలికి అతని గొంతు దొరికింది. దివిసీమలో 1977 ఉప్పెనను బాల్యంలో చూసినవారు ఇప్పుడు యాభై దాటారు. ఆనాటికి నడివయసులో ఉండి, తమ అమ్మమ్మల ఊళ్లు, పుట్టింటి పేర్లు చెప్పగలిగినవారు తొంభైలకు చేరుకొన్నారు. వారి మాటను వారి మాటగానే, తల్లి వైపు మూడు తరాల పేర్లతో సహా రాసి ఉంచడం ఈ తరం పరిశోధకులకు సాధ్యమైన పని. బందరు రాతి పలక మీద లేని పేరును ఇక చెక్కలేము. ఇంకా నోట ఉన్న పేరును మాత్రం కాగితం మీదికి తెచ్చుకోగలము.